పెద్దమాస్టారు మారితే బడి మారిపోతుందా?



వేసవి సెలవులు గడిచి జూన్‌లో బడులు తెరిచేసరికి మన ఇళ్ళల్లో రెండు వార్తలు తిరుగుతూంటాయి. ఒకటి: "మా పిల్లల స్కూల్లో పెద్దమాస్టారికి బదిలీ అయిందటండీ!" రెండోది: "ఆ బడికి ఈసారి పర్సెంటేజీ పడిపోయిందట!" ఉదయం నరసరావుపేట కూరల బజారులో పుట్టిన మాట సాయంత్రానికి బస్సెక్కి గురజాల, మాచర్ల చేరిపోతుంది. చేరేసరికి ఈ రెండూ కలిసి మూడో మాట అవుతుంది: "ఇంకేముంది, ఆ బడి పని అయిపోయింది. పిల్లాణ్ణి తీసేద్దాం."

మొదటి రెండూ వార్తలు. మూడోది మనం చేసే తీర్పు. ఆ తీర్పు మీద పసివాళ్ళ చదువు ఆధారపడి ఉంటుంది. అందుకని దాన్ని పలికేముందు ఆ వార్తల్లో అసలు సంగతి ఎంతో నిదానంగా చూద్దాం. బియ్యం కొనేటప్పుడు గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుని, నూకలూ రాళ్ళూ చూసి గాని మనం బేరం మొదలుపెట్టం కదా! పిల్లల చదువు విషయంలో మాత్రం పైన అంటించిన చీటీ చూసి సంచీ ఎత్తుకొస్తే ఎలాగండీ?

నాయకుడు మారితే ఏమవుతుందో పల్నాటివాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మంత్రిత్వం బ్రహ్మనాయుడి చేతినుంచి నాగమ్మ చేతికి పోయాక రాజ్యం గురజాలగా, మాచర్లగా చీలి, చివరికి కారెంపూడి రణరంగం దాకా వచ్చిన కథ మనకు ఉగ్గుపాలతో తెలిసిందే. అందుకేనేమో, పెద్ద మారాడంటే మనకు గుండె దడ. కాని బడి సంగతి వేరు. అక్కడ పెద్ద మారటం ఒకరిని ఓడించి ఒకరు రావటం కాదు. అది లెక్క ప్రకారం జరిగే పని.

ఆ లెక్క ఏమిటో చూడండి. ఉపాధ్యాయుల బదిలీల కోసం మన రాష్ట్రంలో 2025లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో ప్రధానోపాధ్యాయులు ఒకేచోట 5 విద్యాసంవత్సరాలు పూర్తి చేస్తే తప్పనిసరిగా కదలాలి. మిగతా ఉపాధ్యాయులకైతే 8 సంవత్సరాలు. ఆ ఏడాది వేసవిలో బదిలీలు ఆ పద్ధతిలోనే జరిగాయి. అంటే మీ పెద్దమాస్టారు వెళ్ళిపోయారంటే ఆయన మీద ఎవరో పితూరీ చెప్పారనో, బడి మూతబడబోతోందనో అర్థం చెప్పుకోనక్కరలేదు. ఆయన గడువు తీరింది, అంతే.

ఇందులో మంచీ ఉంది, చిక్కూ ఉంది. మంచి ఏమిటంటే, ఒకే మనిషి ఒకేచోట ఇరవయ్యేళ్ళు పాతుకుపోతే బడి ఆయన సొంత ఇల్లయి కూర్చుంటుంది. మారుతూ ఉంటే కొత్త చూపు వస్తుంది. దూరపు ఊళ్ళల్లో పనిచేసినవారికి బదిలీల్లో ఎక్కువ పాయింట్లు ఇస్తారు గనక బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మండలాల్లో కష్టపడినవారికి పట్నం దగ్గరకు వచ్చే దారి దొరుకుతుంది. చిక్కు ఏమిటంటే, బాగా నడుస్తున్న బడికి కూడా పెద్ద దిక్కు కదిలిపోతుంది. పట్నాల దగ్గర ఖాళీలకు పోటీ ఉంటుంది, మారుమూల ఊరి కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉండిపోవచ్చు. అప్పుడు సీనియరు ఉపాధ్యాయుడొకరు 'ఇన్‌చార్జి'గా ఉంటారు. ఆయన తన పాఠాలూ చెప్పాలి, ఆఫీసు కాగితాలూ చూడాలి. ఈ పరిస్థితి నెలా రెండు నెలలైతే ఫరవాలేదు. ఏడాదంతా సాగితే మాత్రం తల్లిదండ్రులు మండల విద్యాశాఖాధికారిని అడగవలసిందే.

ప్రైవేటు బడుల సంగతి ఇంకోరకం. అక్కడ ప్రిన్సిపాలును పెట్టేదీ మార్చేదీ యాజమాన్యం. గడువంటూ ఉండదు. ఏడాదికొకరు మారినా ఎందుకు మారారో మనకు చెప్పే ఆచారం తక్కువ. ఫీజు కట్టేవాళ్ళం కనుక, అడిగే హక్కు మనకు ఇక్కడ ఇంకా ఎక్కువే.

ఇంతకీ పెద్దమాస్టారు చేసే పనేమిటి? ఆయన గదిలో కూర్చుని సంతకాలు పెడతారని మనం అనుకుంటాం. నిజానికి ఇల్లాలు ఇంటికి చేసేదే ఆయన బడికి చేస్తారు. ఎవరు ఏ పూట ఏ పాఠం చెప్పాలో టైంటేబిలు వేయాలి. ఒక మాస్టారు రాకపోతే ఆ క్లాసు ఖాళీగా ఉండకుండా చూడాలి. మూడు రోజులుగా రాని పిల్ల ఎందుకు రాలేదో కనుక్కోవాలి. మధ్యాహ్న భోజనం రుచి చూడాలి, మరుగుదొడ్లలో నీళ్ళున్నాయో లేదో చూడాలి. ఇంట్లో అత్తగారి చేతినుంచి కోడలి చేతికి తాళాలు మారినా గిన్నెలూ, పొయ్యీ, అలవాట్లూ ఉన్నచోటే ఉంటాయి చూడండి. బడిలోనూ అంతే. వెళ్ళేవారు వచ్చేవారికి రిజిస్టర్లూ, డబ్బు లెక్కలూ, సామానూ రాతపూర్వకంగా అప్పగించి వెళతారు. దాన్నే ఛార్జి అప్పగించటం అంటారు. పాఠాలు చెప్పేవారు చాలావరకు పాతవారే ఉంటారు.

అయితే కాగితం మీద అప్పగించటానికి వీలులేనిది ఒకటుంది. ఏ పిల్లాడి తండ్రి పొరుగూరు పనికి పోయాడు, ఏ పిల్లకు ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఎవరికి కళ్ళజోడు అవసరం - ఇవి ఏ రిజిస్టర్లోనూ ఉండవు. పత్తి తీతలూ, మిరపకోతలూ మొదలయ్యాయంటే మన జిల్లాలో చాలా ఇళ్ళల్లో పెద్దపిల్లలు చిన్నవాళ్ళను కనిపెట్టుకుని ఇంటిదగ్గర ఆగిపోతారు. పాతాయనకు ఆ ఇళ్ళు తెలుసు. కొత్తగా వచ్చినావిడకు తెలిసేసరికి సంక్రాంతి దాటుతుంది. అసలు నష్టం జరిగితే ఇక్కడే జరుగుతుంది. దాన్ని పూడ్చగలిగినవాళ్ళం తల్లులమే. కొత్త పెద్దమాస్టారు వచ్చిన నెలలోగా ఒక్కసారి వెళ్ళి, "మా అమ్మాయి ఫలానా తరగతి, లెక్కల్లో వెనకబడి ఉంది, ఇంట్లో పరిస్థితి ఇదీ" అని చెప్పి రావటం పెద్ద పనేం కాదు కదండీ.

ఇప్పుడు రెండో వార్త, పర్సెంటేజీ సంగతి.

పదో తరగతి ఫలితాలలో రాష్ట్రం మొత్తం మీద 2019లో 94.88 శాతం ఉత్తీర్ణులయ్యారు. తర్వాత రెండేళ్ళు, 2020, 2021ల్లో, కరోనా వల్ల పరీక్షలు లేకుండానే అందరినీ ప్యాస్ చేశారు. 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ అంకెలు వరసగా చూస్తే, 2019లో పిల్లలంతా తెలివైనవాళ్ళూ, మూడేళ్ళలో మొద్దులూ అయిపోయారా అనిపిస్తుంది. అదేం కాదు. 2019 దాకా 100 మార్కులలో 20 మార్కులు బడిలోనే వేసేవారు. తర్వాత ఆ పద్ధతి తీసేశారు. పైగా 2022లో పరీక్ష రాసినవాళ్ళు కరోనా రోజుల్లో నెలల తరబడి బడిమొహం చూడనివాళ్ళు. కొలిచే గిద్దె మారితే గింజల లెక్క మారుతుంది. కనుక ఒక బడిని నిరుటి అంకెతో పోల్చేముందు కొలత అదేనా అని అడగాలి.

ఇంకో విచిత్రం చూడండి. 2023, 2024, 2025 - వరసగా మూడేళ్ళు రాష్ట్రంలో మొదటిస్థానం పార్వతీపురం మన్యం జిల్లాది. 2025లో అక్కడ 93.90 శాతం. అదే ఏడాది అందరికన్నా కింద ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64 శాతం. రెండుచోట్లా కొండ ప్రాంతాలున్నాయి, రెండుచోట్లా గిరిజన కుటుంబాలున్నాయి. "వెనకబడిన ప్రాంతం కదా, అక్కడింతే" అని ఊరుకునేవారికి పార్వతీపురం జవాబు చెబుతోంది. అలాగే "పల్నాడింతే" అనే మాటను మనమూ ఒప్పుకోనక్కరలేదు.

శాతం అనేది చిన్న బడిని ఊరికే ఏడిపిస్తుంది, ఊరికే నవ్విస్తుంది కూడా. ఒక బడిలో పదిమంది పరీక్ష రాశారనుకోండి. ఒక్క పిల్లాడు ఒక్క సబ్జెక్టు తప్పితే 90 శాతం. మరుసటేడు ముగ్గురు తప్పితే 70. "ఇరవై శాతం పడిపోయింది!" అని పట్నమంతా గోల. తేడా ఎంత? ఇద్దరు పిల్లలు. రెండువందలమంది రాసే బడిలో ఇద్దరు అటూ ఇటూ అయితే ఒక్క శాతమే మారుతుంది. అందుకని ముందు "ఎంతమంది రాశారు?" అని అడగండి, శాతం సంగతి తర్వాత.

అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. "రెండేళ్ళ క్రితం ఎనిమిదిలో ఎంతమంది ఉన్నారు?" అప్పుడు యాభైమంది ఉండి పదికి ముప్ఫైమందే వస్తే, ఆ ముప్ఫైమందీ ప్యాసైతే, బోర్డు మీద నూటికి నూరు అని రాస్తారు. మిగతా ఇరవైమంది ఏమయ్యారు? కొందరు ఊరు మారి ఉండవచ్చు. కొందరికి "మీవాడు ఇక్కడ నెగ్గలేడు, వేరేచోట చేర్చుకోండి" అని టీసీ చేతికిచ్చి పంపి ఉండవచ్చు. కొందరు ఆడపిల్లలు పెళ్ళిపీటల మీదకు వెళ్ళి ఉండవచ్చు. పరీక్షకు రానివాళ్ళు శాతంలోకి రారు. బియ్యంలో రాళ్ళు ఏరటం వేరు, పిల్లలను ఏరటం వేరు.

ప్యాసు అన్న మాటలోనూ తేడాలున్నాయి. 2025లో 6,14,459 మంది పరీక్షలు రాస్తే 4,98,585 మంది గట్టెక్కారు. రాసినవారిలో 65.36 శాతానికి ఫస్ట్ క్లాసు, 10.69కి సెకండ్, 5.09కి థర్డ్. ఒక బడిలో అందరూ అత్తెసరు మార్కులతో ప్యాసయి ఉండవచ్చు, ఇంకో బడిలో ముగ్గురు తప్పినా మిగిలినవాళ్ళకు మంచి మార్కులు వచ్చి ఉండవచ్చు. మొదటిది నూరు శాతం బడి, రెండోది "పడిపోయిన" బడి! ఏది మెరుగో మీరే చెప్పండి. ఇక ఆ ఏడాది తప్పిన 1,15,874 మంది మాట. వాళ్ళ కోసం మే నెలలోనే సప్లిమెంటరీ పరీక్షలు పెట్టారు. తప్పిన పిల్లను ఇంట్లో కూచోబెట్టి సూటిపోటి మాటలనకుండా, ఆ నెలరోజులు దగ్గర కూర్చోబెట్టి చదివించిన బడి ఏదో, అది గొప్ప బడి. ఆ సంగతి ఏ ర్యాంకులోనూ కనబడదు.

ర్యాంకుల ప్రకటనల సంగతి మీకు తెలిసిందే. గోడలనిండా ఫొటోలు, పేపరు మొదటి పేజీనిండా అంకెలు. ఈ వెర్రి ముదిరిపోయి, పదో తరగతి ఫలితాలకు బడులు ర్యాంకులు వేసుకుని ప్రకటించుకోకూడదని 2022లో ప్రభుత్వం ఆంక్ష పెట్టవలసి వచ్చింది. ఫొటోలోని పది ముఖాలు చూసి, ఫొటోలో లేని వందల ముఖాలను మనం మరచిపోతాం. మన పిల్ల ఆ వందలమందిలో ఒకతె కావచ్చు కదా!

పై ప్రభుత్వాలు కూడా మార్కులు వేస్తున్నాయి. కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకూ జిల్లాలకూ చదువు విషయంలో గ్రేడ్లు ఇస్తుంది. దక్ష్, ఉత్కర్ష్, ఉత్తమ్, ప్రచేష్ట, ఆకాంక్షి అంటూ వాటికి పేర్లు. పిల్లలు ఏమాత్రం నేర్చారు, గదులూ నీళ్ళూ మరుగుదొడ్లూ ఎలా ఉన్నాయి, పాలన ఎలా ఉంది - వీటన్నిటికీ కలిపి ఇచ్చే మార్కు అది. 2024 డిసెంబరు 4న దేశమంతటా 3, 6, 9 తరగతుల పిల్లల చదువును పరీక్షించే సర్వే కూడా జరిగింది. ఇవి జిల్లాకు వైద్యుడి చీటీ లాంటివి. జిల్లాకు జ్వరమొచ్చిందంటే మీ వీధి చివర బడికి వచ్చిందని అర్థం కాదు.

ఒక్క మాటలో బడిని తూచేస్తే ఏమవుతుందో ఇంగ్లండు దేశం చెబుతుంది. అక్కడ ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ బడికి 'అత్యుత్తమం', 'బాగుంది', 'మెరుగుపడాలి', 'చాలదు' అని ఒకే మాటలో తీర్పు ఇచ్చేది. రూత్ పెర్రీ అనే ప్రధానోపాధ్యాయిని తన బడికి 'చాలదు' అన్న తీర్పు రాబోతోందని తెలిసి, 2023 జనవరిలో ప్రాణం తీసుకుంది. ఆ తనిఖీ ఆమె మరణానికి ఒక కారణమని విచారణలో తేలింది. దేశం అట్టుడికిపోయింది. చివరకు 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడులకు ఆ ఒక్కమాట తీర్పును ఎత్తేశారు. తనిఖీని మాత్రం ఎత్తేయలేదు. బడిలో ఏది బాగుందో, ఏది బాగాలేదో విడివిడిగా చెప్పండి అన్నారు. మనం కోరవలసిందీ అదే.

ఇదంతా ఎందుకింతగా చెబుతున్నానంటే, గాలివార్త విని మనం పిల్లల్ని తీసేస్తే బడికి ఏమవుతుందో ఆలోచించాలి. ప్రభుత్వ బడిలో పిల్లల సంఖ్యను బట్టే ఉపాధ్యాయుల సంఖ్య. ప్రాథమిక బడిలో 30 మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో 35 మందికి ఒకరు అని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఇరవైమంది పిల్లలు తగ్గితే ఒక పోస్టు కదిలిపోయే ప్రమాదం ఉంది. పోస్టు పోతే చదువు తగ్గుతుంది. చదువు తగ్గితే ఇంకో ఇరవైమంది పోతారు. చివరకు ఎక్కడికీ పోలేని పేదపిల్లలే మిగులుతారు. వాళ్ళు ఎవరో కాదండీ, మన ఇంట్లో అంట్లు తోమే ఆమె కూతురు, మన వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన కొడుకు.

ఇంట్లోనూ లెక్క ఒకటి తప్పుతుంది. పిల్లాణ్ణి పట్నంలో పెద్ద ఫీజు బడిలో వేస్తారు. ఇద్దరికీ కట్టలేం గనక ఆడపిల్లను ఉన్నచోట ఉంచుతారు, లేదా "పది అయిందిగా, చాల్లే" అంటారు. ఆ వెంటనే సంబంధాలు మొదలు. పద్ధెనిమిది నిండకుండా పెళ్ళి చేయటం నేరమని 2006 నాటి చట్టం స్పష్టంగా చెబుతున్నా, మన ప్రాంతంలో ఆ మాట వినబడని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నిజానికి 2025 ఫలితాలలో ఆడపిల్లలు 84.09 శాతం, మగపిల్లలు 78.31 శాతం ఉత్తీర్ణులు. చదువు మీద పెట్టిన రూపాయి ఎక్కడ పండుతోందో అంకెలే చెబుతున్నాయి. బడి మార్చాలనుకున్నప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మార్పు ఇంట్లో పిల్లలందరికీనా, ఒక్కడికేనా?

మరి మనం చేయగలిగిందేమిటి? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అదే సంవత్సరం డిసెంబరు 7నా, మళ్ళీ 2025 జూలై 10నా రాష్ట్రమంతటా తల్లిదండ్రులను బడికి పిలిచి సమావేశాలు పెట్టారు. ఇలాంటి సమావేశానికి వెళ్ళినప్పుడు ముగ్గులూ, తాడులాగే పోటీలూ చూసి సంతోషించండి, తప్పులేదు. వచ్చేముందు మాత్రం పిల్ల ప్రోగ్రెసు కార్డు చేతిలో పట్టుకుని రెండు ప్రశ్నలు అడిగి రండి.

కొత్త పెద్దమాస్టారు గాని, ప్రిన్సిపాలమ్మ గాని తల్లిదండ్రులకు ఒక ఉత్తరం రాస్తే అందులో ఏముండాలో చెబుతాను. మీకు అలాంటిది రాకపోతే, "రాయించండి" అని అడగవచ్చు. ఎవరు వెళ్ళారు, ఎవరు వచ్చారు, ఏ సబ్జెక్టుకు మాస్టారు లేరు, ఎప్పటికి వస్తారు. ఏ పద్ధతులు మారుతున్నాయి, ఏవి మారవు. నిరుడు పదిలో ఎంతమంది చేరారు, ఎంతమంది రాశారు, ఎంతమంది ప్యాసయ్యారు, అత్తెసరు మార్కులవారెందరు. తప్పినవాళ్ళను ఏం చేశారు. మధ్యలో బడి మానినవాళ్ళెందరు, ఎందుకు. తల్లిదండ్రులు ఏ రోజు, ఏ వేళకు వచ్చి కలవవచ్చు. ఇంతే. ఒక్క పేజీ. ఈ పేజీ నిజాయితీగా రాయగలిగిన పెద్ద ఉన్న బడికి అంకె కొంచెం తక్కువైనా భయపడనక్కరలేదు. నూటికి నూరు అని గోడకు కొట్టి, ఈ పేజీ అడిగితే ముఖం తిప్పుకునే బడి విషయంలో కాస్త ఆలోచించండి.

ఇక ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది, దానికి ఏ అధికారీ అక్కరలేదు. వారానికొకసారి పిల్లవాడి చేత తెలుగువాచకం ఒక పేజీ పైకి చదివించండి. పచారీ కొట్టు చీటీ ఇచ్చి కూడమనండి. నోటుపుస్తకంలో మాస్టారి సంతకం పడి ఎన్నాళ్ళయిందో చూడండి. అర్ధసంవత్సర పరీక్షల దాకా ఇలా చూస్తే కొత్త పెద్ద వచ్చాక బడి పైకి పోతోందో, కిందికి పోతోందో మీకే తెలిసిపోతుంది. అప్పుడు ఉంచాలో మార్చాలో నిశ్చయించండి. జూన్‌లో విన్న మాట మీద మార్చటం కంటే డిసెంబరులో కళ్ళారా చూసి నిశ్చయించటం పిల్లలకు క్షేమం.

ఈ ఏడు మీ వీధి బడికి కొత్తగా ఎవరు వచ్చారో కనుక్కోండి. కనుక్కుని, ఒకసారి వెళ్ళి పలకరించి రండి.